యక్షుల శంఖం ఎందుకు మూగబోయింది

మనుషులకీ యక్షులకీ యుద్ధాలు జరిగిన కాలం మాట ఇది. కొండ యక్షులది, కింది మైదానం మనుషులది. యక్షులు వెయ్యేళ్ళు బతుకుతారు, బాణం వేస్తే గురి తప్పరు. మనుషులకున్నదల్లా గొడ్డళ్ళూ, పెద్ద నోళ్ళూ. అయినా గెలిచింది మనుషులే. ఎందుకని పండితులు ఏవేవో చెబుతారు, నేను మాత్రం నమ్మను. అసలు సంగతి ఊరి ఎద్దుకు తెలుసు.

యుద్ధానికి ముందు ఒక సాయంత్రం, కొండమీద ఉండే నక్క పొలం గట్టుకొచ్చి ఎద్దు పక్కన చేరింది.

"ఏం అల్లుడూ, ఎవరి కొంప ముంచి వస్తున్నావు?" అంది ఎద్దు, నెమరు ఆపి.

"అందరిదీ మామా. కొండకు రెండు కనుమలు కదా. ఒకదానికి యక్షుల్ని ఏలే అన్నదమ్ముల్లో అన్న కాపలా, రెండోదానికి తమ్ముడు. ఒకడు శంఖం ఊదితే ఇంకొకడు సాయం రావాలి. 'నీ తమ్ముడు మనుషులతో కలిశాడు, శంఖం వినపడినా వెళ్ళకు, చంపేస్తాడు' అని అన్న చెవిలో వేశాను. అన్న గురించి తమ్ముడికీ అదే చెప్పాను."

"వాళ్ళేమన్నారు?"

"పెద్దింటివాళ్ళు, ఏమంటారు? మొహాలు మాడాయి. ఎదురుపడితే మాత్రం నవ్వులూ నమస్కారాలే."

"మరి మా ఊళ్ళో?"

"మీ పెద్దలు సోములుకీ లచ్చన్నకీ ఇదే మందు వేశాను. ఇక ఒకడు సాయానికి డప్పు కొట్టించినా రెండోవాడు కదలడు. రెండు జాతులూ పోతే కొండా నాదే, మీ కోళ్ళగూళ్ళూ నావే."

"నీ గుహ జాగ్రత్త అల్లుడూ," అంది ఎద్దు. నక్క నవ్వేసి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు సోములు తన మనుషులతో తమ్ముడి కనుమ మీద పడ్డాడు. బాణాల దెబ్బకు నిలవలేక డప్పు కొట్టించాడు. లచ్చన్న ఊరందరినీ వెంటబెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అప్పుడు తమ్ముడు శంఖం ఊదాడు. ఊపిరున్నంతసేపూ ఊదుతూనే ఉన్నాడు. అన్న కదలలేదు. శంఖం ఆగిపోయాక, తమ్ముడు నిజంగానే పిలిచాడని అన్నకు తెలిసింది. ఆ తరవాత అతను విల్లు ముట్టలేదు. యక్షులు కొండ విడిచి వెళ్ళిపోయారు. మనుషులు చెట్లు కొట్టడం మొదలుపెట్టారు.

గుహ పోగొట్టుకున్న నక్క, దుంగలు లాగుతున్న ఎద్దును వెతుక్కుంటూ వచ్చింది.

"లచ్చన్న ఎలా వచ్చాడు మామా? వాడి మనసు విరిచానుగా."

"బాగానే విరిచావు. తెల్లారేసరికి లచ్చన్న వెళ్ళి సోములు వాకిట్లో దిగి, 'నాకే గొయ్యి తవ్వుతావురా?' అని వాడి జుట్టు పట్టుకున్నాడు. 'తవ్వింది నువ్వు కాదురా?' అని సోములూ పట్టుకున్నాడు. 'ఎవడ్రా నీకు చెప్పింది?' 'నక్క.' 'నాకూ నక్కే చెప్పింది.' అంతే. ఇద్దరూ కలిసి నిన్ను కడుపారా తిట్టి, గంజి తాగి లేచారు."

"యక్షులకు ఆ తెలివి లేదా?"

"ఉంది. తోడబుట్టినవాణ్ణి అలాంటి మాట అడగడం మర్యాద కాదనుకున్నారు. వెయ్యేళ్ళు బతికేవాళ్ళకి ఒక్క మాట అడగడానికి నోరు రాలేదు." ఎద్దుకు నిజంగానే బాధేసింది.

ఇంతలో గొడ్డళ్ళ చప్పుడు దగ్గరపడింది. నక్క ఎద్దు చాటుకు దూరింది. "తప్పించుకునే దారి చెప్పు మామా."

"ఎడమ దారిన పో. అటు మావాళ్ళ వేటకుక్కల్లేవు."

నక్క నాలుగడుగులు వేసి ఆగింది. ఇన్ని విన్నాక కూడా తనకు మంచి దారి చెబుతుందా ఈ ఎద్దు? మనుషుల గడ్డి తినేది కదా. అడగడం దేనికిలే అనుకుని కుడివైపు దూకింది.

కుక్కలన్నీ అక్కడే ఉన్నాయి.

"నిజమే చెప్పాను. మళ్ళీ అడిగితే ఒట్టేసి చెప్పేవాణ్ణి," అనుకుంది ఎద్దు.

అనుమానం వస్తే మొహమ్మీదే అడగాలి. మనసులో దాచుకుంటే అదే శత్రువు పని చేసిపెడుతుంది.