రెండో టీకా ఉద్యాపన కథ

ఆగండి, ఆగండి! అక్షింతలు అప్పుడే వేయకండి, చేతిలోనే ఉంచుకోండి. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఫోన్లు పక్కన పెట్టి, కథ చివరిదాకా వినండి.

పూర్వం వత్సల ముని సుబోధ మహర్షికి నమస్కరించి, ఒకరికి వచ్చిన రోగం వీధంతా పాకకుండా, మాటలు రాని పసికందులు సైతం చల్లగా ఉండే వ్రతమేదైనా కలదా స్వామీ అని అడిగెను. అందుకు మహర్షి, కలదు నాయనా, అది తట్టు రాకుండా చేసే రెండు టీకాల వ్రతమనెను. తొమ్మిది నెలలు నిండగానే వేయించే మొదటిది సంకల్పం, పదహారు నెలలు నిండాక వేయించే రెండోది ఉద్యాపన. ఒక్కదానితో కొందరు పిల్లలకు రక్ష నిలవదు. ఉద్యాపన మరచిన ఇల్లాలి కథ వినుమని చెప్పసాగెను.

కృష్ణా తీరంలో ఒక చేనేత వీధి కలదు. అక్కడ శేషారత్నం అనే ఇల్లాలు, ఆమె భర్త భావనారుషి, కొడుకు మార్కండేయులు ఉండిరి. రత్నం తొమ్మిదో నెలలో కొడుక్కి మొదటి టీకా వేయించెను. ఒక పూట ఒళ్ళు వెచ్చబడి తగ్గెను. పదహారో నెల రానే వచ్చెను. ఆ ఊళ్ళో టీకాలు వేసేది బుధవారం. సరిగ్గా ఆ బుధవారమే వీధి పొడవునా మగ్గానికి ఎక్కించే పడుగు దారాలు పరచి గంజి పెట్టిరి. గంజి పెట్టిన పడుగును మధ్యలో వదలరాదు. ఎండ ముదిరేలోగా కుంచెలతో దువ్వకపోతే దారాలన్నీ అతుక్కుపోవును. మరుసటి బుధవారం మళ్ళీ పడుగు. ఈసారి నర్సు ఝాన్సీ తానే వీధిలోకి వచ్చి పిలిచెను.

"రత్నమ్మా, బాబుని తీసుకురా. పావుగంట పని."

"అమ్మో, గంజి ఆరిపోద్దమ్మా! ఇప్పుడు కుంచె వదిలితే మా బావగారు నన్నే పరిచి దువ్వుతారు. వచ్చే బుధవారం వస్తాగా!"

"పోయిన బుధవారం కూడా ఇదే పాట పాడావు."

"పాట బాగుంటే మళ్ళీ మళ్ళీ పాడరా ఏంటి?"

వీధంతా నవ్వెను. నర్సమ్మ కూడా నవ్వి వెళ్ళిపోయెను. ఆ తర్వాత ఒక పెళ్ళి, ఆపై ఇంకో పడుగు. చివరికి రత్నం, ఒకటి వేయించాంగా, చాల్లే అనుకొనెను.

ఏడాదిన్నర గడిచెను. పక్క ఊళ్ళో తట్టు తిరుగుతోందని తెలిసెను. అప్పుడే రత్నం తోడికోడలు కోటమ్మ తన ఆరు నెలల బిడ్డ భద్రావతికి అన్నప్రాశన పెట్టుకొనెను. మార్కండేయులు దగ్గుతూ, ఎర్రని కళ్ళతో వచ్చెను. రత్నం చూసి కూడా, జలుబే అనుకొనెను. మేనమామ తినిపించాక అన్న వరస పిల్లవాడి చేత ఒక మెతుకు పెట్టించడం ఆ ఇంటి ఆచారం.

"చూడక్కా, మీవాడు చెల్లికి పెట్టి ఆ వేలు తనే నాకేస్తన్నాడు!" అని కోటమ్మ మురిసెను.

మూడో రోజుకి మార్కండేయుల ఒళ్ళంతా తట్టు పోసెను. వాడు వారంలో కోలుకొనెను. కానీ పదిరోజులు తిరిగేసరికి పసిబిడ్డకు జ్వరం, ఆపై తట్టు. అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టి, మందు ముట్టరాదని కోటమ్మ కూర్చొనెను. బిడ్డ ఊపిరికి డొక్కలు ఎగిరి పడుచుండెను. రత్నం గుమ్మంలో నిలబడిపోయెను. నోరు విప్పితే తప్పు తనదగును. విప్పకపోతే బిడ్డ దక్కదు.

"కోటీ, అమ్మవారు కాదే, నేనే. మావాడికి రెండోది వేయించలేదు. వాడి నుంచే వచ్చింది. తిట్టు, కొట్టు, ముందు బిడ్డనియ్యి!"

కోటమ్మ లేచి గుమ్మం దగ్గరకు వచ్చెను. బిడ్డను రత్నం చేతుల్లో పెట్టెను. ఇద్దరూ ఆటోలో పెద్దాసుపత్రికి పోయిరి. డాక్టర్లు ఆక్సిజన్ పెట్టి, మందులు, విటమిన్ చుక్కలు వేసిరి. ఆరు రోజులు పక్కపక్కనే ఉన్నా కోటమ్మ రత్నంతో పలకలేదు. ఏడో రోజు బిడ్డ పాలకోసం ఏడ్చెను.

"అక్కా, కాఫీ అయినా తేవా? అట్టా దిష్టిబొమ్మలా నిలబడితే ఎట్టా?" అనెను కోటమ్మ.

రత్నం అక్కడే కూలబడి ఏడ్చెను.

ఆ తరువాతి బుధవారం వీధిలో పడుగు ఉండగానే రత్నం కుంచె కింద పెట్టెను. బావగారు అరచిరి. దారాలు అతుక్కొనెను. అయినా ఆమె, తట్టు వచ్చి తగ్గినా వేయించవలెనన్న నర్సమ్మ మాట విని కొడుక్కి రెండో టీకా వేయించి, ఇంటింటికీ తిరిగి టీకా కార్డులు చూసి, రెండో టీకా గడి ఖాళీగా ఉన్న పిల్లలందరినీ వెంటబెట్టుకుపోయెను. ఆ పిమ్మట వీధివారంతా కూడి, ఇకపై బుధవారం పడుగు పరచరాదని కట్టడి చేసుకొనిరి. మరుసటి ఏడు చుట్టూ తట్టు వచ్చినా ఆ వీధిలో ఒక్క పిల్లవాడూ మంచమెక్కలేదు, ఒక్క మగ్గమూ ఆగలేదు.

కావున ఈ వ్రతం పిల్లలున్న వారందరూ చేయవలెను. కులం, కలిమి, తిథి, వర్జ్యం చూడనక్కరలేదు. తేదీ దాటిందని మానరాదు, వెళ్ళి అడగవలెను. చేసినవారి బిడ్డలే కాక, టీకా వయసు రాని పక్కింటి బిడ్డలు కూడా చల్లగా ఉందురని మహర్షి చెప్పెను. వత్సల ముని ఆనందించి, మరి విన్నవారు చేయుదురా స్వామీ అనెను. మహర్షి మన వైపు చూసెను.

ఇప్పుడు చెప్పండి. మీ పిల్లల కార్డులో ఒక గడి ఖాళీగా ఉంది, పక్కింట్లో ఉయ్యాల ఊగుతోంది. మీరైతే ఏం చేస్తారు?