నూకాలు అడిగిన మూడు ఎందుకులు

అనగా అనగా, సముద్రపు హోరు వీధివీధికీ వినిపించే పట్నం ఒకటి. పేరు వేలాపురం. అక్కడ ఇల్లు కట్టాలంటే రాజుగారు రాతిమీద చెక్కించిన కట్టడలు మూడు పాటించాలి. గట్టినేల తగిలేదాకా పునాది తవ్వాలి. పొరుగింటి గోడకూ మన గోడకూ మధ్య మూడు మూరల సందు వదలాలి. పైకప్పు దూలాలను ఇనుప పట్టీలతో స్తంభాలకు బిగించాలి.

ఆ పట్నంలో నూకాలు ఉప్పుమళ్ళలో పనిచేసేది. భర్త లేడు, ముగ్గురు పిల్లలు. ఇక గుడిసెలో ఉండలేమని రాతి ఇల్లు మొదలుపెట్టింది. పక్కనే మిరియాల వర్తకుడు బంగారప్ప మేడ మొదలుపెట్టాడు.

నూకాలు ఛాతీలోతు తవ్వినా ఇసుకే వచ్చింది. వానాకాలం దగ్గరపడుతోంది. బంగారప్ప మాత్రం మోకాటిలోతు పునాది చాలనుకున్నాడు. సందు వదలలేదు, ఇనుము ఊసే ఎత్తలేదు. తనిఖీకి రాజుగారి మనుషులు వచ్చేలోగా లోపాలన్నీ కనబడకుండా సున్నం కొట్టించాడు.

"ఇంకా గోతిలోనే ఉన్నావా నూకాలూ?" అని నవ్వాడు.

ఆమెకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. కట్టడాల అధికారి వీరభద్రాచారి దగ్గరికి వెళ్ళి, ఈ మూడూ ఎందుకని నిలదీసింది. పేదవాళ్ళను ఏడిపించడానికేనా అని కూడా అంది.

ముసలాయన కోప్పడలేదు. ఆమెను ఊరిచివర మూడు పాడుబడ్డ ఇళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒకదాని పునాది కింద ఇసుకను వరద తోడేసింది. రెండోదాని పక్కన సందు లేక, పోయే దారి దొరకని నీరు గోడను తోసేసింది. మూడోదాని కప్పును గాలి ఎత్తుకుపోయింది.

"మూడిళ్ళలోనూ మనుషులు పోయారమ్మా. ఆ చివరిది మా అన్న ఇల్లు. ఆ ఏడుపు మరో ఇంట వినిపించకూడదనే ఈ కట్టడలు రాశాం" అన్నాడు.

నూకాలు తిరిగొచ్చి పలుగు అందుకుంది. మూడోనాటికి గట్టినేల ఖంగుమంది. సందు కోసం ఒక గది తగ్గించుకుంది. ఇనుప పట్టీలు బిగిస్తుంటే ఒక్కొక్కటీ తానే లాగి చూసుకుంది.

కార్తీకంలో తుఫాను వచ్చింది. పట్టపగలే చీకటి కమ్మింది. బంగారప్ప మేడ కప్పు ఎగిరిపోయింది, గోడ కుంగింది. అతను భార్యాబిడ్డలతో నూకాలు గుమ్మంలో నిలబడి తల వంచుకున్నాడు. ఆమె చేయి పట్టి లోపలికి లాగింది. సాయంత్రానికి ఆ చిన్న ఇంట్లో నలభైమంది చేరారు. నీరు సందులోంచి పరుగెత్తిపోయింది. గాలి కప్పును కుదిపి కుదిపి అలసిపోయింది. నలభైమందీ బతికారు.

ఈ సంగతి విని రాజు స్వయంగా వచ్చి, ఏం కావాలో కోరుకోమని నూకాలుతో అన్నాడు.

"మహారాజా, కట్టడ ఒక్కటే వింటే నాకు విసుగేసింది. ఎందుకో తెలిశాక ఒక్కటీ వదలబుద్ధి కాలేదు. ప్రతి కట్టడ పక్కనా దాని కారణం కూడా చెక్కించండి" అంది నూకాలు.

రాజు అలాగే చెక్కించాడు. ఇల్లు కట్టేవాళ్ళకు ఆ కారణాలు విప్పిచెప్పే కొలువు నూకాలుకే ఇచ్చాడు. ఆమె దగ్గరికి మొట్టమొదట వచ్చి కూర్చున్నవాడు బంగారప్ప. మూడేళ్ళకు అంతకన్నా పెద్ద తుఫాను వచ్చింది. వేలాపురంలో ఒక్క గోడ కూలలేదు. జనం నూకాలును భుజాలమీద ఎత్తుకుని వీధులన్నీ తిరిగారు.

కాబట్టి పిల్లలూ, నియమాన్ని కారణం తెలియక మోసేవాడికి అది బరువు, కారణం తెలిసి పాటించేవాడికి అదే రక్ష.