మైనస్ మింగేసిన తెలుగు టీచరు

అనగనగా ఒక ఊళ్ళో, రాజూ లేడు రాణీ లేదు, ఒక హైస్కూలు ఉండేది. అందులో తొమ్మిదో తరగతి చదివే నీలవేణికి లెక్కలంటే గుండెల్లో దడ.

లెక్కల మాస్టారు మంచివాడే. కానీ బోర్డు మీద లెక్క గడగడా చేసేసేవాడు. పిల్లలంతా తలూపేవాళ్ళు. ఇంటికెళ్ళాక ఒక్క ముక్కా వచ్చేది కాదు. తనకు బుర్ర లేదనుకుంది పిచ్చిపిల్ల.

అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కల్లో నూటికి పదకొండు మార్కులొచ్చాయి. అప్పుడు వాళ్ళమ్మ రత్తమ్మ, "పెద్ద పరీక్ష కూడా పోతే బడి మానేసి కుట్టు నేర్చుకుందువుగాని" అంది. ఆ పూట నీలవేణికి అన్నం సయించలేదు.

ఆ తర్వాత ఒకరోజు మాస్టారు సెలవు పెట్టాడు. ఆ పీరియడ్‌కి తెలుగు టీచరు సుందరమ్మగారు వచ్చారు. ఆవిడ లెక్కలు వదిలేసి ఇరవై ఏళ్ళు. అయినా సుద్దముక్క పట్టుకుని, బోర్డు మీద ఒక లెక్క వేసి, "పద్యానికి చేసినట్టే దీనికీ ప్రతిపదార్థం చేద్దాం. ఏమిచ్చాడు? ఏమడిగాడు?" అని పైకే అనుకుంటూ, మాట మాటకీ అర్థం రాశారు.

మొదటిసారి తప్పు పోయింది. పిల్లలు నవ్వారు. రెండోసారీ పోయింది. ఆవిడేం సిగ్గుపడలేదు. "ఎక్కడ జారాను? ఇదిగో, మైనస్ మింగేశాను. ఇక్కణ్ణుంచి మళ్ళీ చేద్దాం" అన్నారు. మూడోసారికి కుదిరింది. పెద్దవాళ్ళకీ తప్పు పోతుందని, పోతే వెతుక్కోవచ్చని నీలవేణికి అప్పుడే తెలిసింది. ఆవిడంటే నాకు అందుకే ఇష్టం.

అప్పట్నుంచి నీలవేణి రోజూ లెక్క ముందేసుకుని, "ఏమిచ్చాడు? ఏమడిగాడు? ఎక్కడ జారాను?" అని గొణుక్కునేది. తమ్ముడు వెక్కిరించాడు. పక్కింటామె దిష్టి తీయమంది. పెద్ద పరీక్షలో కాపలా ఉన్న టీచరు కసిరితే, పెదాలు మాత్రం కదుపుతూ రాసింది.

మార్కులు చెప్పే రోజు పొద్దున్న జడ వేయించుకుంటూ ఏడ్చేసింది. "మళ్ళీ పోతే కుట్టుకి పంపేస్తావా అమ్మా?"

రత్తమ్మ రిబ్బను ముడేసింది. "ఇదివరకు లెక్క రాకపోతే పుస్తకం మూసేసి పడుకునేదానివి. ఇప్పుడు ఎక్కడ తప్పానని వెతుక్కుంటున్నావు. రోజూ వింటూనే ఉన్నాగా. ఎన్నొచ్చినా బడి మాన్పించనులే" అంది.

మార్కులెన్నంటావా? నలభై రెండు. అవి తర్వాత తెలిశాయి. అమ్మ మాట ముందే వచ్చింది, పిల్ల కళ్ళు తుడుచుకుని బడికెళ్ళింది.

కథ నడిచింది కంచికి,
కునుకొచ్చింది మనింటికి.