సందెవేళ భూపాలం

ఒకానొక రాజ్యంలో, దాని పేరుతో మనకేం పనిలెండి, రణధీరవర్మ అనే రాజు ఉండేవాడు. సూర్యుడు నడినెత్తికొస్తేగాని పక్క దిగడు. సంగీతమంతా తనకే తెలుసని మాత్రం మహా బడాయి!

ఓ సాయంత్రం భోజనానికి కూర్చుంటూ ఆస్థాన గాయకుడు అప్పలాచార్యుల్ని పిలిపించాడు.

"భూపాలం పాడవయ్యా."

"అది మేలుకొలుపు రాగం, ప్రభూ. తెల్లవారుజామున పాడేది. ఈ వేళప్పుడు దాని రుచి తెలియదు" అన్నాడు ముసలాయన చేతులు జోడించి.

"రాగానికి వేళేమిటి! నేను ఎప్పుడంటే అప్పుడే దాని వేళ. పాడతావా, రాజ్యం విడిచి పోతావా?"

ముసలాయన ఆ వయసులో ఎక్కడికని పోతాడు? ఇంతలో కొలువులో మాటకారి తిప్పన్న లేచాడు. "పాడండి స్వామీ, ఏలినవారి మాట కాదనకూడదు" అని, బయటికెళ్లి నౌకర్లతో ఏదో గుసగుసలాడి వచ్చాడు.

ఆచార్యులు గొంతెత్తాడు. రాజు ముద్ద కలిపాడో లేదో, నౌకరొకడు విస్తరి లాగేశాడు.

"ఒరేయ్, ఏమిట్రా ఇది!"

ఒకడు దీపాలార్పేశాడు. ఇంకొకడు వేపపుల్ల చేతిలో పెట్టి, నీళ్లచెంబుతో నిలబడ్డాడు. దాసీలు వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గులకు దిగారు. మావటివాడు ఉదయ దర్శనానికి పట్టపుటేనుగును తెచ్చి గుమ్మం ముందు నిలిపాడు.

రాజుకు మతిపోయింది. తను పడుకుని లేచాడా? మరి రాత్రేమైంది? కిటికీలోంచి పడమటి ఎరుపు కనిపించింది. అది తూర్పేమోనని కూడా అనుమానం వచ్చింది, పాపం!

"తిప్పన్నా! ఇది పొద్దునా, సాయంత్రమా? నాకేం బోధపడటం లేదయ్యా!"

"మీ తాతగారు పెట్టిన కట్టడి, ప్రభూ. కోటలో భూపాలం వినబడితే తెల్లవారినట్టే, ఎవరి పనుల్లోకి వాళ్లు దిగాలి. రోజూ జరిగేదే. తమరు నిద్రలో ఉంటారు గనక ఎరగరు."

"మరి నా భోజనం?"

"తెల్లవారగానే భోజనమేమిటి ప్రభూ! ముందు పళ్లు తోముకోండి."

రాజు కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. "చాలు నాయనా, చాలు! ఆ రాగమేదో రేపు తెల్లవారుజామునే వింటాను. విస్తరి తెమ్మను!"

మర్నాడు చీకటుండగానే విసుక్కుంటూ లేచి మేడ మీద కూర్చున్నాడు. చల్లగాలి వీస్తోంది. కొట్టంలో పాలు పితుకుతున్న చప్పుడు. ఆచార్యులు మెల్లగా రాగం అందుకున్నాడు. తూరుపు తెల్లబడుతుంటే రాజు కళ్లు చెమర్చాయి.

"నిన్న పాడింది ఇదేనా? నిన్న ఇలా లేదే!"

"రాగం అదే ప్రభూ. తమరే ఇవాళ వేళకొచ్చారు" అన్నాడు తిప్పన్న.

రాజు పకపకా నవ్వాడు. "మీరెక్కడికీ పోవద్దు స్వామీ" అంటూ ఆచార్యులకు శాలువా కప్పాడు. తన ముత్యాలహారం తీసి తిప్పన్న మెళ్లో వేశాడు. ఆ పైన నిండుగా ఓ ఆవులింత ఆవులించి, మళ్లీ పక్కెక్కాడు.