పిడికిలి మీద పావు రోజు పెట్టిన గుర్తు

ఒకప్పుడు మనుషుల పిడికిలి ఏటిలో గులకరాయిలా నున్నగా ఉండేది. ఆ కాలంలో సముద్రం ఒడ్డున ఒక జాలర్ల పేటలో ఎల్లాజీ తాత ఉండేవాడు. ఆయనలో గొప్ప మంచితనం ఒకటుంది. 'నాకు తెలీదు' అనే మాటతో ఎవర్నీ చిన్నబుచ్చేవాడు కాదు. ఏదడిగినా ఠక్కున చెప్పేసేవాడు. అది నిజమా కాదా అన్నది తర్వాతి సంగతి.

అందుకే పేటవాళ్ళు ఆయనకి రోజు కేకేసే పని అప్పజెప్పారు. పొద్దున్నే ఇసకదిబ్బ ఎక్కి, ఇవాళ ఏ నెల, ఎన్నో తారీకు అని అరవాలి. ఆ కేక విన్నాకే పడవలు కదిలేవి.

అన్ని కేకల్లోకీ ఒక కేక ముఖ్యం. భూమి సూర్యుడి చుట్టూ తిరిగొచ్చేసరికి, నెలలు పన్నెండూ పంచుకోగా, ఏటా పావు రోజు మిగిలిపోయేది. ఏ నెలా దాన్ని గడప తొక్కనిచ్చేది కాదు. డిసెంబరు వెళ్ళి జనవరి వచ్చే సందులో అది ఒడ్డు మీద తిరిగేది. అప్పుడు మిట్టమధ్యాహ్నమే మసక కమ్మేది. కెరటాలు విరిగేవిగాని చప్పుడుండేది కాదు. ఎవరికీ నీడ పడేది కాదు.

ఆ మసకలోకి అడుగు పెట్టినవాళ్ళని అందరూ మరిచిపోయేవారు. ముందు పేరు పోయేది, తర్వాత మొహం. ఎల్లాజీ పక్కింటి కొర్లమ్మ ఇంట్లో ఒక కంచం ఎక్కువుండేది. ఎవరిదో ఆమెకి తెలీదు. అయినా రోజూ కడిగి బోర్లించేది.

అందుకని ఆ పూట తలుపులేసుకుని కూర్చోమని ఎల్లాజీ ముందే కేకెయ్యాలి.

ఒక ఏడు ఏమైందంటే, "మావా, నవంబరుకి ముప్పయ్యా, ముప్పై ఒకటా?" అని కొర్లమ్మ అడిగింది.

"ముప్పై ఒకటే! అదీ తెలీదేటే నీకు?" అన్నాడు ఎల్లాజీ.

అలా ఆయన లెక్కలో నవంబరుకి ఒక రోజు ఎక్కువ పడింది. డిసెంబరు నిజంగా వెళ్ళిపోయిన మర్నాడు ఆయన దిబ్బ ఎక్కి, "ఇవాళ డిసెంబరు ఆఖరి రోజు! పావు రోజు రేపే! నిక్షేపంగా తిరగండి!" అని అరిచాడు.

మనవరాలు నూకాలు గవ్వలేరుకోడానికి ఒడ్డుకి పరిగెత్తింది.

మధ్యాహ్నం ఎల్లాజీ చేపలు ఎండబెడుతుంటే కెరటాల చప్పుడు ఆగిపోయింది. కిందికి చూశాడు. తన నీడ లేదు. దూరంగా మసకలో నూకాలు నిలబడి ఉంది. నోరు తెరిచి ఏదో అరుస్తోంది. వినబడటం లేదు.

"ఒలే..." అని పిలవబోయాడు. పేరు నోటికి రాలేదు.

"ఎవుర్ని మావా పిలుస్తున్నావు?" అంది గుమ్మంలోంచి కొర్లమ్మ. "అక్కడెవరూ లేరే!"

ఎల్లాజీ ఆ మొహం కూడా మరిచిపోయేలోపే వెళ్ళాలని, పడుతూ లేస్తూ మసక అంచుకి పరిగెత్తాడు.

"పిల్లని ఒగ్గేయ్!"

"ఒగ్గను తాతా," అంది పావు రోజు. చిన్నపిల్ల గొంతు. సరిగ్గా చెవి పక్కనే వినబడింది. "నాకు ఇల్లు లేదు. తోడైనా ఉండొద్దా?"

"నీకు ఇల్లిమ్మని నెలల్ని నేనడుగుతాను."

"ముందు ఒక మాట చెప్పు. నేను ఇవాళ వస్తానని నీకు తెలుసా?"

ఎల్లాజీ అలవాటు కొద్దీ 'తెలుసు' అనబోయాడు. మనసులో పిల్ల మొహం పల్చబడుతోంది. కళ్ళెక్కడో, ముక్కెక్కడో ఆనటం లేదు.

"తెలీదు," అన్నాడు. ఎన్నడూ అనని మాట అది. "ఏ నెలకి ఎన్ని రోజులో నాకేటీ తెలీదు. నోటికొచ్చింది అరుస్తాను."

ఆ మాట కోసమే కాచుక్కూచున్నట్టు, నెలలు పన్నెండూ ఇసకలోంచి లేచాయి.

"మాకు చోటు లేదు," అన్నాయి పదకొండు. అన్నిట్లోకీ పొట్టిది ఫిబ్రవరి మాత్రం నసిగింది. "నా ఇంట్లో చోటుంది. కాని పావు రోజుతో ఏం చేసుకోను? పొద్దుంటే సాయంత్రం ఉండదు. నాలుగు పావులు కూడాక రా. నాలుగేళ్ళకోసారి నిన్ను నిండు రోజుగా ఉంచుకుంటాను."

"అందాకా పడుకుంటాను," అంది పావు రోజు. "కాని ఈ తాత మళ్ళీ తప్పు కేకేస్తాడు. ఏదీ, పిడికిలి ఇలా తే."

కనబడని వేళ్ళు ఎల్లాజీ పిడికిలిని నొక్కాయి. చలి ఎముకల్లోకి దిగింది. నాలుగు గుట్టలు లేచాయి, వాటి మధ్య పల్లాలు పడ్డాయి.

జనవరి చూపుడువేలి గుట్టెక్కింది. ఫిబ్రవరి పక్క పల్లంలో కూర్చుంది. మార్చి గుట్ట, ఏప్రిల్ పల్లం. అలా చిటికెనవేలి గుట్ట మీద జులై నిలబడేసరికి చోటయిపోయింది. "నేనేం తక్కువ తిన్నానా?" అని ఆగస్టు కూడా ఆ గుట్టే ఎక్కి, జులై కాలు తొక్కింది. మిగతావి అక్కణ్ణించి వెనక్కి తిరిగి సర్దుకున్నాయి. నవంబరు పల్లంలోంచే ఎల్లాజీని ఉరిమి చూసింది.

మసక విడిపోయింది. కెరటం చప్పుడైంది. పిల్ల పరిగెత్తుకొచ్చి ఆయన్ని చుట్టేసుకుంది. దాని చేతులు తడి ఇసకలా చల్లగా ఉన్నాయి.

"తాతా!"

"నీ పేరేటమ్మా?" అన్నాడు ఎల్లాజీ.

అప్పటినుంచే మన పిడికిలి మీద గుట్టలూ పల్లాలూ ఉన్నాయి. గుట్ట మీది నెలకి ముప్పై ఒకటి, పల్లంలోని నెలకి ముప్పై, ఫిబ్రవరికి అంతకన్నా తక్కువ. నాలుగేళ్ళకోసారి మాత్రం ఆ ఇంటికి చుట్టం వస్తుంది. ఎల్లాజీ నెలలన్నీ నేర్చేసుకున్నాడు. మనవరాలి పేరు మాత్రం రోజూ పొద్దున్నే ఆ పిల్లనే అడుగుతాడు. పొద్దుగుంకేసరికి మరిచిపోతాడు. అదొక్కటీ ఆయనకి ఇంకా రాలేదు.