మూడు మెట్లు, ఆరు శ్రుతి

హరికథలు చెప్పే హైమావతమ్మకు అడిగిన వెంటనే బదులిచ్చే అలవాటు లేదు. చేతిలో చిరతలు ఒక్కసారి టకటకలాడించి ఊరుకునేది. బదులు రావడానికి ఒక పూట పట్టవచ్చు, ఒక పుష్కరమూ పట్టవచ్చు.

శిష్యురాలు ముక్తేశ్వరి ఒకనాడు అడిగింది. "అమ్మగారూ, గురువు పెట్టిన నియమాన్ని శిష్యులు ఎప్పుడైనా దాటవచ్చా?"

కారణం లేకుండా అడగలేదు. నాలుగు నెలల్లో ఆమె తొలి కథ. ఆ ఇంట కథంటే ఆరు శ్రుతిలోనే. ఆ శ్రుతిలో హైమావతమ్మ పాట ఎత్తుకుంటే గోదావరి అవతలి ఒడ్డున పడవవాళ్ళు తెడ్లు వదిలేసి దణ్ణాలు పెట్టేవారు. ముక్తేశ్వరి గొంతు అయిదు శ్రుతిలో బంగారం, ఆరుకు పోతే చిరిగిన రేకు. అయిదులో పాడతానని చెప్పడానికి నోరు రాక, పాపం, అంత చుట్టు తిరిగి అడిగింది.

చిరతలు టకటకమన్నాయి. "ముందు నా తుంటి సంగతి తేలనీవే," అంది హైమావతమ్మ.

నలభై ఏళ్ళు గజ్జె కట్టి గంతులేసిన కుడి తుంటి అరిగి పొడైపోయింది. కీలు మార్చాలన్నారు డాక్టర్లు. ఊరంతా ఏడుపు మొహాలతో పరామర్శకు వస్తే, ఆవిడ మాత్రం కొత్త కథ నేర్చుకుంటున్నట్టు సాధనకు దిగింది. ఫిజియోథెరపీ చేయించే షకీలాకు నిండా పాతికేళ్ళు లేవు. ఆ పిల్లను "గురువుగారూ" అని పిలిచేది. పిల్ల సిగ్గుతో చచ్చిపోయేది. ఆపరేషనుకు నెల ముందే వాకరు తెప్పించి నడక నేర్చింది. కాలికి తగిలే చాపలు చుట్టించింది, పీటను అటకెక్కించింది, కుర్చీ కాళ్ళ కింద దిమ్మలు పెట్టించి ఎత్తు చేయించింది. కింద కూర్చోకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, ముందుకు వంగకూడదు అని షకీలా చెప్పినవన్నీ దరువు కట్టి పాడుకుంది. ఆపరేషను బల్ల మీద సుత్తి దెబ్బలకు తాళం తప్పిందని మత్తులోనే డాక్టరును మందలించిందట. మర్నాడు వాకరు పట్టుకుని నడిస్తే, వార్డులో మంచాన ఉన్నవాళ్ళందరూ లేచి వెనకాలే ఊరేగారట!

కథ రోజు రానే వచ్చింది. శిష్యురాలికి చిరతలు గురువే వేదిక మీద అందించాలి. వేదికకు మూడు మెట్లు. దాని మీదికి కుడికాలు పెట్టే ఎక్కాలన్నది హైమావతమ్మ శాసనం. చిన్నప్పుడు ఎడమకాలు పెట్టినందుకు ముక్తేశ్వరిని నూటొక్కసార్లు దింపి ఎక్కించింది.

"అమ్మా, కుర్చీతో సహా ఎత్తి పెట్టేస్తాం, నలుగురం ఉన్నాం," అన్నాడు కమిటీ పెద్ద వీరభద్రం.

"నలుగురు ఎత్తే రోజు వేరే ఉందిలే నాయనా. పక్కకు జరుగు."

ముక్తేశ్వరి వేదిక అంచుకు వచ్చి కిందికి చూసింది. ఆపరేషనై ఇంకా మూడు నెలలు కాలేదు. పడితే ఆ కీలు ఏం కాను? ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మెట్ల పక్క కమ్మీ పట్టుకుని హైమావతమ్మ మెట్టు మీదికి ఎడమకాలు ఎత్తింది.

"అమ్మగారూ! కుడికాలు!" ఉండబట్టలేక అరిచింది ముక్తేశ్వరి.

పందిరిలో దోమ కూడా రెక్క ఆపేసింది. హైమావతమ్మ కాలు దింపి, వెనక నిలబడ్డ షకీలా వైపు తిరిగింది. "గురువుగారూ, మీ పాఠమేమిటి?"

"ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, బామ్మగారూ. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు."

ఎడమకాలు మెట్టెక్కింది. కుడికాలు దాని పక్కకు చేరింది. మళ్ళీ ఎడమ, మళ్ళీ కుడి. మూడో మెట్టు దాటి వేదిక మీద నిటారుగా నిలబడేసరికి, చప్పట్లకు షామియానా గుంజలు రెండు ఊడొచ్చాయి. షకీలా అయితే తన కూతురికి తొలి అడుగులు పడ్డట్టు కళ్ళు తుడుచుకుంది. ముక్తేశ్వరికి ఒళ్ళంతా గర్వంతో పులకరించింది.

హైమావతమ్మ ఆమె మెడలో దండ వేసి, చిరతలు చేతిలో పెట్టింది. శ్రుతిపెట్టె ఆరులో మోగుతోంది. ఆవిడ కాసేపు చెవి యొగ్గి విని, చిన్నగా నవ్వింది.

"కుడికాలు నియమం పెట్టిననాడు నా కాళ్ళు రెండూ బాగున్నాయే పిల్లా. ఇక శ్రుతి చూసుకో."