మేడమీది సమావేశం

ప్రశ్న అడిగినవాళ్లకి వెంటనే జవాబు చెప్పే అలవాటు పద్మనాభం మాస్టారికి లేదు. ముందు ఏదో ఒక పని పురమాయించేవారు.

చూపు లేనివాళ్లకి తెలుగు పుస్తకాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ని ఆయనా, మరో తొమ్మిదిమందీ కలిసి కాకినాడలో ఆరేళ్లుగా ఉచితంగా తయారుచేస్తున్నారు. కొత్త వెర్షన్ విడుదలైనప్పుడల్లా ప్రకటన రాసేది వాళ్లలో ఒకరైన మృణాళిని. రాసి పంపాక రోజుకి పదిసార్లు మెయిల్ తెరిచి చూసుకునేది. వచ్చేవన్నీ మాస్టారు కాక మిగతా ఎనిమిదిమంది మెచ్చుకోళ్లే. తనకి తెలియని పేరు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఆ వరసలో కనిపించాలని ఆమెకి ఎంత ఆశో ఎవరితోనూ అనలేదు. నవ్వుతారని.

ఒక ఆదివారం, గ్రంథాలయంలో నెలవారీ సమావేశానికి ముందు, ఉండబట్టలేక మాస్టారిని అడిగేసింది.

"ఏమేం మార్చామో ఒక్కటీ వదలకుండా రాస్తున్నాను. కొత్తవాళ్లు ఒక్కరూ రారేం మాస్టారూ?"

ఆయన ప్రకటన చదివారు. 'గొంతు ఇక మునుపటిలా మధ్యలో ఆగిపోదు. పాత మెనూ తీసేశాం.' తిరిగిచ్చేశారు. తాము కూర్చునే గదికి సున్నం వేస్తున్నారని, తలుపు మీద చీటీ అంటించి రమ్మన్నారు. మృణాళిని రాసింది: 'సమావేశం ఈసారి మామూలు గదిలో కాదు. పోయిన వానాకాలం కూర్చున్న చోట.'

పది నిమిషాల్లో అందరూ మేడమీద ఉన్నారు. అప్పట్లో అక్కడ పైకప్పు కారి తన సాంబారు రెట్టింపయిందని ఒకాయన గుర్తుచేసి నవ్వించాడు.

గంట తరవాత వాచ్‌మన్ అప్పలస్వామి, వాళ్లెక్కడున్నారో వెతుక్కుంటూ వచ్చి మంచినీళ్లు ఇచ్చాడు. ఎవరో ఒకావిడ, చూపు లేని తండ్రిని చెయ్యి పట్టుకుని తుని నుంచి వచ్చిందట. పుస్తకాలు చదివే మిషను ఇక్కడ నేర్పుతారని ఎవరో చెప్పారట. చీటీ రెండుసార్లు చదివిందట.

"పోయిన వానాకాలం ఎక్కడ కూర్చున్నారని నన్నడిగారండి. నేను చేరిందే మొన్న సంక్రాంతి వెళ్లాక. నాకేం తెలుస్తుందండి? కాసేపు చూసి బస్సెక్కేశారు."

అయినా మృణాళిని కిందికి పరిగెత్తింది. రోడ్డు నిండా జనం. ఎవరికోసం వెతకాలో ఆమెకి తెలియదు. ఆవిడ పేరైనా అప్పలస్వామి అడగలేదు. వెనక్కి వచ్చి ఆ తలుపు ముందు నిలబడి, తను రాసిన రెండు వాక్యాలూ చదువుకుంది. మాస్టారు మెల్లగా మెట్లు దిగి వచ్చారు.

"ఇందులో తప్పేమీ రాయలేదు కదా మాస్టారూ," అంది.

"లేదమ్మా," అన్నారాయన. "మేడమీదికి వచ్చినవాళ్లలో అది అర్థం కానివాళ్లు ఒక్కరూ లేరు."